శవం నవ్వాలి

మా పుల్లయ్య పెదనాయనను నా సినిమాలో శవంగా పెట్టుకున్నది బంధుప్రీతితో కాదు. ఆయనకు పొట్ట లేదు, అంతే. అంతకుముందు కడప నుంచి తెచ్చిన నటుడు బ్రహ్మాండంగా చచ్చాడు గానీ, ఊపిరి తీసినప్పుడల్లా పొట్టమీది పూలదండ లేచి కూర్చునేది. టీవీలో అయితే ఎవరూ పట్టించుకోరు. థియేటర్లో ఆ దండ షేర్ ఆటో అంత కనబడుతుంది. పెద్దతెరతో చిక్కే అది, నిజం ఎంత పెద్దదవుతుందో అబద్ధమూ అంతే పెద్దదవుతుంది.

కమలాపురం దగ్గర మా ఊళ్ళోనే షూటింగు. చనిపోయిన భర్త, పక్కన భార్య. సినిమా మొదలయ్యేదే ఆ షాట్‌తో, ఆ ఇద్దరూ మళ్ళీ కనబడరు. మొదటి షాట్‌లో జనాన్ని పట్టుకోలేకపోతే, తరవాత కాళ్ళు పట్టుకున్నా దొరకరు. ఇది నా మొదటి సినిమా. తేడా వస్తే రెండోది ఉండదు.

భార్య వేషానికి మా నాగలక్ష్మమ్మ పెద్దమ్మనే అనుకున్నాను. పుల్లయ్య పెదనాయన భార్య. చుట్టుపక్కల ఎవరు పోయినా ఆమె వెళ్ళి రాగం తీసిందంటే, పోయినవాడితో మాటల్లేని దాయాదులు కూడా కండువా అడ్డం పెట్టుకుంటారు. పెదనాయన శవం వేషానికి ఒప్పుకున్నదీ అందుకే.

"ఇన్నేండ్ల కాపురంలో ఆమె నోట నా గురించి ఒక మంచి మాట ఇనలేదు పాపా. సచ్చినాక ఇనలేను గదా" అన్నాడు.

పెద్దమ్మ మాత్రం అడ్డం తిరిగింది. "ఊర్లో ఎవురికైనా ఏడుస్తా. ఈ మనిషికి ఏడ్వను. ఇంగ అడగొద్దు."

పెదనాయన ముఖం మాడిపోయింది. "దావన పోయేటోనికైనా ఏడుస్తాదంట, నాకు మాత్రం ఏడ్వదంట" అని గొణుక్కుంటూ చాపమీద పడుకున్నాడు.

చేసేదిలేక భార్య వేషం పక్కవీధి ఏసుమణికి ఇచ్చాను. చర్చిలో పాటలు పాడే గొంతు. గ్లిజరిన్‌తో కన్నీళ్ళూ ధారాళంగా వచ్చాయి. కెమెరా పట్టాలమీద మెత్తగా జరిగింది. అన్నీ అనుకున్నట్టే కుదిరాయి, మానిటర్‌లో చూస్తే మనసుకు మాత్రం ఏమీ కాలేదు. పొద్దు వాలిపోతోంది. అక్కడ నిజంగా ఏడుపొచ్చింది నాకొక్కదానికే.

మా సినిమావాళ్ళకో ఆచారం ఉంది. చచ్చినట్టు నటించినవాడు లేచేముందు కెమెరా వైపు చూసి ఒకసారి నవ్వాలి. అప్పుడే కీడు పోతుందని నమ్మకం. అందుకని కెమెరా ఆపకుండా, "పెదనాయనా, ఇంక నవ్వు" అన్నాను.

నవ్వలేదు. అలిగి బిగదీసుకుని పడుకున్నాడు.

"నవ్వకపోతే కీడు పెదనాయనా" అన్నాను.

కెమెరా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పెద్దమ్మ ఆ మాట వినగానే పరుగెత్తింది. "ఏమయ్యా, నగు" అని ఆయన భుజం కుదిపింది. ఆయన కదల్లేదు. "దండం పెడతా, ఒకసారి నగయ్యా. నీకు ఏడ్చే దినం నాకు రాకూడదని గదయ్యా నేను దినామూ మొక్కుకునేది. నువ్వు లేకుంటే నేను ఎవుర్ని తిట్టుకోని బతికేది?"

రాగం లేదు, ఏమీ లేదు. ముక్కు కారుతోంది, మాట తడబడుతోంది. ఏసుమణి నోరు తెరుచుకుని పక్కకు జరిగింది. కెమెరామన్ సుధీర్ నా వైపు చూశాడు. ఆపొద్దని సైగ చేశాను. సొంత పెద్దమ్మ ఏడుస్తుంటే అట్లా చేయకూడదు. చేశాను.

పెదనాయన అప్పుడూ కళ్ళు తెరవలేదు. ఇంకొంచెం విందామనుకున్నాడట. తరవాత ఆ మాట చెప్పినప్పుడు, పెద్దాయన అని ఊరుకున్నాను గానీ ఒక్కటి పీకాలనిపించింది.

ఏసుమణి ఏడుపు తీసేసి, పెద్దమ్మ పరుగు దగ్గర్నుంచి షాట్ మొదలుపెట్టాను. మధ్యలో కోయలేదు, సంగీతం వేయనివ్వలేదు. కర్నూలు థియేటర్లో మొదటి ఆటకు పెదనాయననూ పెద్దమ్మనూ నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. పోయిన మొగుణ్ణి ఒకసారి నగయ్యా అని ఒక ఆడమనిషి బతిమాలుతుంటే, హాల్లో ముక్కులు చీదే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా గుండె తేలికపడింది.

నవ్వుతున్నది ఒక్క పెదనాయనే.

"అందురూ ఏడుస్తాంటే నీకేం పొయ్యేకాలం?" అంది పెద్దమ్మ.

"ఇంతమంది నాకోసం ఏడుస్తాండారు, నగు రాదా మ్మే?"

ఆమె మళ్ళీ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చీకట్లో ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, నవ్వుతున్న ఆ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. హాలంతా కళ్ళు తిప్పుకోలేని నా షాట్‌ను ఆమె ఒక్కతే చూడలేదు.