పద్దెనిమిది వందల పౌన్ల ఖాళీ

మొక్కజొన్న గిడ్డంగి దగ్గరున్న కాటా మీద మా కొత్త బండి తూగిన రోజు ఆఫీసువాళ్ల మొహాలు చూడాల్సిందే. నేనైతే తనివితీరా చూశాను. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు, అది వేరే సంగతి.

నలభై రెండు అడుగుల క్యాంపర్ అది, ఊళ్లు తిరిగేవాళ్లకి చక్రాల మీద ఇల్లు. పికప్ ట్రక్కు తొట్టిలో ముక్కు ఆనించి లాగే రకం. లోపల రాజుగారి విడిదే. వంటింటి మధ్యలో రాతిగట్టు, గోడలో ఉత్తుత్తి మంటల పొయ్యి, వెనక్కి వాలే జోడు కుర్చీలు, ముక్కులోని పడకగదిలో బట్టలుతికే యంత్రం. ఇవేవీ మా ఇళ్లలో ఉండవు. ఉండకూడదు కూడా, మా మతంలో కరెంటూ సొంత కార్లూ నిషిద్ధం. కానీ ఊళ్లో సగం మంది మగవాళ్లం పొద్దున్నే వ్యానెక్కి ఫ్యాక్టరీకి వచ్చి వీటినే కడతాం.

ఇరుసులూ టైర్లూ మోయగలిగేది మొత్తం పదహారు వేల ఎనిమిది వందల పౌన్లు. ఖాళీ బండే పదిహేను వేల ఆరు వందలు తూగింది. మిగిలింది పన్నెండు వందలు. నీళ్ల ట్యాంకు నింపితే అందులో ఎనిమిది వందలు పోతాయి. ఇక దీన్ని కొనే ముసలాయన గాలాలు, ముసలమ్మ చెప్పులు, గిన్నెలు, దుప్పట్లు, కుక్క తిండి అన్నీ నాలుగు వందల్లో సర్దుకోవాలి.

కొత్త మోడళ్ల వ్యవహారమంతా చూసే జోడీ కాటా చీటీని రెండుసార్లు చదివింది.

"సెప్టెంబరులో డీలర్లొస్తారు. తలుపు పక్కన అంటించే కాగితం మీద సామాన్లకి పద్దెనిమిది వందల కన్నా తక్కువ ఖాళీ కనబడిందా, మెట్టు కూడా ఎక్కరు. శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ తేలకపోతే ఈ మోడల్ లేదు, నమూనాల షెడ్డూ లేదు. వెర్లిన్, నువ్వు మళ్లీ లైనుకి పోవాల్సిందే."

లైనంటే వరసగా బండ్లు కట్టే చోటు, అంటే పరుగు. రోజుకిన్ని బండ్లని లెక్క. అవి పూర్తిచేసి మధ్యాహ్నానికల్లా ఇంటికి పోవాలని తిండి కూడా నిలబడే తింటారు. పదకొండేళ్లు పరిగెత్తాను. ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. మోకాళ్లకి మాత్రం డెబ్బై. ఎనిమిదో తరగతితో మా బడి అయిపోతుంది. నాన్న పొలం మా అన్న ఓర్వాకి పోయింది. నాకు దక్కిన మంచిదేదైనా ఉందంటే కొత్త మోడళ్ల మొదటి బండిని కట్టే ఆ షెడ్డులో ఒక మూల, ఒక చెక్కబల్ల. అవీ పోతాయంటోంది.

మర్నాడు పొద్దున మా డిజైనరు ట్రెంట్ కంప్యూటర్ చంకనబెట్టుకుని వచ్చాడు. కుర్రతనం, కాలేజీ చదువు, సుత్తి పట్టని చేతులు.

"ఏముంది, నీ గట్టి చెర్రీ చెక్క సొరుగులే మన కొంప ముంచాయి. పల్చటి ప్లైవుడ్‌తో చేసేద్దాం."

"నీ రాతిగట్టు దూదితో చేశారా?"

"అది చూసే కొంటారయ్యా బండిని!"

"కొన్నాక రోజుకి ముప్పైసార్లు లాగేది సొరుగుని. గట్టుని కాదు."

"కంప్యూటరు చెబుతోంది..."

"కంప్యూటరుకి నడుముందా? ఎప్పుడైనా ఏదైనా మోసిందా?"

జోడీ ఇద్దరి మధ్యకీ వచ్చి, "మీ తగవు కాటా తీరుస్తుంది. అన్నీ విప్పండి," అంది.

సరుకు తూచే చిన్న కాటా షెడ్డు మధ్యలోకి వచ్చింది. నా సొరుగుకీ ప్లైవుడ్ సొరుగుకీ తేడా ఒక్క పౌను. ఉన్నవి ఇరవై రెండు సొరుగులు. ట్రెంట్ మొహం మాడిపోయింది. రాతిగట్టుని అదే రంగు పల్చటి పలకతో మారిస్తే నూట యాభై తగ్గుతుందని తేలింది. వాలే కుర్చీల బదులు మామూలు సోఫా వేస్తే నూట పది. మంటల పొయ్యి గోడకి వెనకాల ఎందుకో రెండు వరసల చట్రం కట్టారు. ఒక వరస తీసేస్తే డెబ్బై. నేను వేళ్లు లెక్కపెడుతూ ఈల వేశాను. మూడు వందల ముప్పై. ఇంకా రెండు వందల డెబ్బై కావాలి.

"ఆ అల్మరా తూచలేదు," అంది జోడీ.

సామాన్ల అల్మరా నా సొంత పని. నేల నుంచి కప్పు దాకా, అంగుళం మందం మేపుల్ చెక్క అరలు, కింద ఇనుప పట్టీలు. ఇది నా చేత్తో చేశానని చూసినవాళ్లందరికీ చెప్పుకున్న వస్తువు. నలుగురం పట్టి కాటా మీద పెట్టాం.

మూడు వందల తొంభై.

ట్రెంట్ ఆ అంకెని కంప్యూటర్లో ఎక్కించుకున్నాడు. వాడు నవ్వినా బాగుండేది.

జోడీ అరల మధ్య చెయ్యి పెట్టి చూసింది. "ఈ ఎత్తు ఏ లెక్కన పెట్టావు?"

"నిలవ పళ్ల సీసా లెక్కన. ఇంచుమించు లీటరు పట్టే క్వార్టు సీసా."

"ఎన్ని పడతాయి?"

"రెండు వందల పైనే. పీచ్‌లు, బీన్స్, టమాటాలు..." చెబుతుండగానే నా గొంతు నాకే వెర్రిగా వినిపించింది.

"వెర్లిన్," అంది మెత్తగా, "మా అత్తగారు ఇలాంటి బండిలోనే తిరుగుతుంది. ఆవిడ దగ్గర ఉండేవి నాలుగు సూపు డబ్బాలు, ఒక కాఫీ పొట్లం. మిగతాది హోటలు."

"రెండు వందల సీసాలంటే వాటి బరువే ఆరు వందలు," అన్నాడు ట్రెంట్ నెమ్మదిగా. ఈసారి వాడి కంప్యూటరు తప్పు చెప్పలేదు.

సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆవిడ లొవీనా రొట్టె ముక్క చేతిలో పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"సీసాలు దాచుకునే మన నేలమాళిగని చక్రాల మీద పెట్టావన్నమాట! చలికాలమంతా ఎనిమిది మంది తినేది ఆ ఇద్దరు ముసలాళ్లతో మోయిద్దామనుకున్నావా?"

"చెక్క మంచిది," అన్నాను.

"మంచిదే. ఎవడు కాదన్నాడు? వాళ్లకి అక్కర్లేదు, అంతే."

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఈమె మాట తప్పైన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే నాకు మంట.

బుధవారం అల్మరా విప్పేశాను. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. సగం లోతుతో, తేలికపాటి పాప్లార్ చెక్కతో కొత్తది కట్టాను. నూట ఐదు తూగింది. వెనకాల రెండడుగుల చోటు ఖాళీగా మిగిలితే కాసేపు దానివంకే చూస్తూ నిలబడ్డాను. తర్వాత ట్రెంట్‌ని కేకేశాను.

"ఆ ఉతికే యంత్రాన్ని ముక్కులో ఎందుకు పెట్టావు?"

"ఇంకెక్కడా పట్టక. దాని బరువంతా ట్రక్కు నెత్తిన పడుతోందని తెలుసు, ఏం చెయ్యను?"

"ఇక్కడ పెట్టు. స్నానాలగది గోడ ఇదే, నీళ్ల గొట్టం జానెడు దూరంలో ఉంది. తలుపు అటు నుంచి తెరుచుకుంటుంది."

వాడు టేపు తీసి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "పడుతుంది. ఇరుసులకి దగ్గరగా కూడా ఉంటుంది. అయితే మామూలు ట్రక్కున్నవాడు కూడా లాగొచ్చు దీన్ని!" తల గోక్కున్నాడు. "నాకెందుకు తట్టలేదు?"

"నువ్వు గీతలో చూశావు. నేను కంతలో నిలబడ్డాను," అన్నాను. ఆ మాట అనడంలో ఉన్న సుఖం దాచుకోను.

శుక్రవారం మళ్లీ గిడ్డంగి కాటా. ముందు మొక్కజొన్న లారీ ఒకటి ఉంటే దాని వెనక ఆగాం. జోడీ కిందికి దిగి గోళ్లు కొరుక్కుంటోంది. లోపలి నుంచి గుమస్తా చీటీ అందించాడు.

పద్నాలుగు వేల తొమ్మిది వందల ఎనభై.

"ఖాళీ పద్దెనిమిది వందల ఇరవై!" ట్రెంట్ నా వీపు మీద ఒక్కటిచ్చాడు. నొప్పి పుట్టింది. తిట్టలేదు.

"వెర్లిన్, నీ షెడ్డు నీదే," అంది జోడీ. "సోమవారం ముప్పై ఆరు అడుగులది మొదలుపెడదాం."

"ముందు దాంట్లో కుర్చీలెంత తూగుతాయో కనుక్కోండి. తర్వాత నన్ను పిలవండి."

"నువ్వు లేకుండా ఎలా కనుక్కుంటాం?"

ఇలాంటి మాటలకి నేను పడిపోను. ఆఫీసువాళ్లు అవసరం ఉన్నన్నాళ్లే తియ్యగా మాట్లాడతారు, నాకు తెలుసు. అయినా సోమవారం తెల్లారకముందే వెళ్లాను. ఉలి నూరుకుని, బల్ల తుడిచి, వాళ్లొచ్చే దాకా ఎదురుచూస్తూ కూర్చున్నాను.