చిటికెనవేలి గీత

విశాఖపట్నం ల్యాబులో నా పని గుంటలు చేయడం. కంటికి ఆనని గుంటలు. ప్రోటీన్ కలిపిన ద్రావణాన్ని ఫ్రీజర్‌లో పెడితే మంచు పలుకుల చుట్టూ జెల్ గట్టిపడుతుంది. మంచు కరిగాక నీళ్ళు పారే దారులు మిగులుతాయి. ప్రోటీన్‌ని కడిగేస్తే దాని ఆకారంలో గుంటలు మిగులుతాయి. తర్వాత రకరకాల ప్రోటీన్లుండే గుడ్డు తెల్లసొన పోశామంటే, మిగతావన్నీ జారిపోయి, ఆ ఒక్క ప్రోటీనే తన గుంట వెతుక్కుని ఆగిపోతుంది.

వానాకాలంలో అమ్మ పోయాక, ఆ కడగడమే నాకు కష్టమైపోయింది. ఎవరినో ఇంట్లోంచి పొమ్మంటున్నట్టుండేది.

2005 చైత్రంలో, మా కొండల్లో చేసుకునే ఇటుకల పండక్కి అనంతగిరి దగ్గర మా ఊరెళ్ళాను. జీపు దిగేసరికి మంచు విడలేదు. కాఫీ తోటలు, పశువులు, మా ఇంటి కప్పు ఒక్కొక్కటే తెల్లదనంలోంచి తేలి వచ్చి మళ్ళీ మునిగిపోతున్నాయి. నా జెల్ లోపలే నడుస్తున్నాననిపించింది. ఎదురుగా అమ్మ వస్తుందేమోనని కూడా అనిపించింది.

మా గోడ మీద అమ్మ వేళ్ళ జాడలున్నాయి. ఎర్రమట్టి అలికేటప్పుడు ఆవిడ చెయ్యి కిందనుంచి లేచి విల్లులా వంగేది. మూడు గీతలు కలిసి పోతే, చిటికెనవేలి గీత మాత్రం విడిగా పోయేది.

మా వదిన రత్న ఎర్రమట్టి బకెట్‌తో వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

“ముట్టుకోకొదినా! పండగా లేదు, గిండగా లేదు.”

“పెచ్చులూడిపోతంది కదే. అలక్కపోతే ఎలాగ?”

“ఊడిపోనీ. ఇవి మాయమ్మ వేళ్ళు. నాకింకేటీ మిగల్లేదు.”

కోడలికేం, గోడ కొత్తదైతే చాలు అనుకున్నాను. గీతల్లో వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాను. అమ్మ చెయ్యి చల్లగా తగిలింది.

“సోనీ,” అంది వదిన మెల్లగా. “కిందటేడు అత్తకి సెయ్యి లేవనేదు. ఈ గోడ నానే అలికినాను.”

కళ్ళు తెరిచాను. నా వేళ్ళు లావు, గీతల్లో సరిగా పట్టనేలేదు. వదిన తన చెయ్యి ఆనించింది. అతికినట్టు సరిపోయింది.

“మరి ఆ చిటికెనవేలు?”

“పెళ్ళైన ఏడు అత్త నా సెయ్యి పట్టుకుని అలికించింది. మార్సుకుందామన్నా ఈ వేలు ఇలాగే పోతాది.” నవ్వబోయింది, కళ్ళు నిండిపోయాయి. “నానేటి సేసేదే గుంటా?” మా వైపు ఆడపిల్లని గుంటా అనే పిలుస్తారు.

అమ్మ కోసం ఏడుస్తున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇద్దరం గోడకి ఆనుకుని చాలాసేపు ఏడ్చాం.

తర్వాత నేనే బకెట్‌లో చెయ్యి ముంచాను. చిన్నప్పట్నుంచీ హాస్టళ్ళే, గోడ అలకడం నాకు రాదు. వదిన నా వెనక నిలబడి నా చెయ్యి మీద తన చెయ్యి వేసింది. పాత గీతల మీద తడిమట్టి పాకింది. ఒకటి, ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. మంచు పలచబడి గోడ మీద ఎండ పడింది.

వదిన ఎప్పుడు చెయ్యి తీసేసిందో తెలియలేదు. నా చెయ్యి ఒక్కటే కిందనుంచి లేచి, విల్లులా వంగింది. చివర్లో చిటికెనవేలు విడిగా పోయింది.