పలచబడిన పెంకులు

సముద్రపక్షుల మీద పరిశోధన చేసే వరదాచారిగారు, కృష్ణగిరి డ్యాము దిబ్బమీద పొదిగే నీటిపిట్టలను గమనించే పని నంజమ్మకు అప్పగించారు. ఈ ఏడు తల్లిపిట్ట కూర్చోగానే గుడ్లు చితికిపోతున్నాయి. ఆమె పెంకులు పంపితే ఆయన జాబు రాశారు: “సముద్రతీరంలోనూ ఇంతే. పురుగులమందు మేతలోంచి తల్లిలోకి, తల్లిలోంచి గుడ్డులోకి దిగి పెంకును పలచన చేస్తోందని నా అనుమానం.”

“పిట్టలకు పురుడు పోసింది చాలు, రామ్మా! నీకే ఐదో నెల. రాగిముద్ద చల్లారిపోతుంది,” అని అత్త పుట్టమ్మ కేకేసింది.

నంజమ్మ ముద్ద తుంచింది. “అత్తా, మన రాగులకు పురుగే పట్టలేదే?”

“యాడ పడుతుంది? పోయినేడే చేలో పురుగులకు చల్లే తెల్లమందు కలిపి పెట్టినాను కదా!”

నంజమ్మ ముద్దను కంచంలో వదిలేసి, కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఏడాదిగా తిన్నది ఆ రాగులే.