టీ గిన్నె వెనకాల

ఫోను మోగేసరికి కవాతా కొత్త కప్పులు కడుగుతోంది. నిజానికి అవి కడిగేంత మురికిగా లేవు. పెళ్ళికి వచ్చిన ఎనామిల్ కప్పులవి, తెల్లటి వాటిమీద ఎర్ర గులాబీలు. వాటిని కడిగి ఎండలో బోర్లించి, తడిసిన గులాబీలు మెరుస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆమెకో సరదా. పెళ్ళయిన కొత్తలో ప్రతిదీ సరదాగానే ఉంటుందేమో. రేకుల మీద కోళ్ళు నడిచిన చప్పుడూ, భర్త చొక్కా తన చొక్కా పక్కన తాడుమీద ఆరడమూ, ఎవరైనా దారిలో "ముసీమి వాళ్ళావిడ" అని చెప్పుకుంటే విననట్టు వినడమూ.

"ఏయ్ కొత్త పెళ్ళికూతురా! వస్తున్నారే! వాళ్ళే మన దగ్గరికి వస్తున్నారు!" ఫోనులో కలేక్యే అరుపుకి గట్టుమీది కోడి కూడా తలెత్తింది. కలేక్యే కివాని మార్కెట్టులో టమాటాలు, ఆకుకూర అమ్ముతుంది. ఆడవాళ్ళ వరసకి ఆవిడే పెద్ద.

"ఎవరక్కా?"

"ఎవరేంటే, కౌంటీ సభ కమిటీ వాళ్ళు! నువ్వు రాసిన అర్జీ చదివారట. ఈ గురువారం మన మార్కెట్టులోనే కూర్చుని వింటారట. ఆఫీసు గోడమీద కాగితం అంటించారు, మా పిల్లది చదివి చెప్పింది. నువ్వు మాట్లాడాలి మరి. చదువుకున్నదానివి, నీ నోట్లోంచి వస్తే ఆ మాటకి బరువుంటుంది."

కవాతా ఎగిరి గంతేసింది. చేతిలో కప్పు జారి రాతిమీద పడి, ఒక గులాబీ అంచు పెచ్చు లేచింది. బాధపడడానికి కూడా తీరిక లేదు. కౌంటీ వాళ్ళు, అంటే జిల్లా సర్కారు వాళ్ళు, మార్కెట్లకి కొత్త చట్టం చేస్తున్నారు. జనం ఏమంటారో వినకుండా చట్టం చెయ్యకూడదు కనక సభలు పెడతారు. కానీ ఆ సభలు కౌంటీ పెద్ద ఊళ్ళో పెడితే, బుట్ట వదిలి వెళ్ళే ఆడది ఎవరు? అందుకే ఆమె రాసింది, మీరే మా దగ్గరికి రండని. ముసాయిదా తెప్పించుకుని చదివింది కూడా. అందులో పైకప్పు ఉంది, గేటు ఉంది, దీపాలున్నాయి, చెత్త బండి ఉంది, మేకల్ని కట్టెయ్యడానికి చోటు కూడా ఉంది. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి మాత్రం లేదు. కలేక్యే మార్కెట్టు రోజున ముందు రాత్రినించే నీళ్ళు తాగదు. ఒకసారి ఎండలో కళ్ళు తిరిగి టమాటాల మీదే పడిపోయింది. మిగతా వాళ్ళు కిత్తనార కంచె వెనక్కి వెళ్తారు, ఒకళ్ళకొకళ్ళు కాపలాగా, కంగా గుడ్డ అడ్డం పట్టుకుని. పెళ్ళికి ముందు కవాతా కూడా మామిడిపళ్ళ బుట్టతో కూర్చున్న రోజులున్నాయి. బయటున్న రోజుల్లో ఆ కంచె వెనకాల, ఎవరో మగాడు దగ్గుతూ నడిచొస్తుంటే, ఊపిరి బిగబట్టి కూర్చున్నదీ ఆమే.

ముసీమి సగం గడ్డం గీసుకుని బయటికొచ్చాడు. సంగతి విని, సబ్బు నురుగుతోనే ఆమెని ఎత్తి తిప్పాడు. "విన్నారా! మా ఆవిడ చట్టాలు చేస్తోంది!" అని కోళ్ళకి చాటాడు. ఊరి బళ్ళో పంతులు, గొంతు పెద్దది. ఆమె నవ్వుతూ నురుగు తుడుచుకుంది. అప్పుడే ఇద్దరికీ ఒకేసారి తట్టింది, నవ్వులు ఆగిపోయాయి. మార్కెట్టు కమిటీ అధ్యక్షుడు కిలోంజో. ముసీమి తండ్రి. సభలో ముందు వరస కుర్చీ ఆయనదే.

కోడలు మామగారి ఎదుట నిలబడి మాట్లాడదు. దాన్నే న్థోని అంటారు. సిగ్గు అనాలో, గౌరవం అనాలో, రెండూ కలిపి ముడేసిన మరొకటి అనాలో ఆమెకి తెలీదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ఆయనతో ఒక్క మాట నేరుగా అనలేదు. ఆయన అరుగుమీద ముక్కాలిపీట వేసుకుని కూర్చునుంటాడు, ఆమె గుమ్మం వెనక నిలబడి "అత్తయ్యా, టీ అయిందని చెప్పండి" అంటుంది. అత్తగారు సియోకావు, "టీ అయిందట" అంటుంది. ఆయన "చక్కెర తక్కువెయ్యమను" అంటాడు. "చక్కెర తక్కువెయ్యాలిట." అన్నీ అందరికీ వినబడుతూనే ఉంటాయి. రాత్రి గదిలో భార్యాభర్తలు ఆ గొంతుల్ని అనుకరించి దిండులో మొహం పెట్టి నవ్వుకునేవాళ్ళు. నవ్వులాటే అనుకుంది ఆమె. న్థోని అంటే టీ కబుర్లే అనుకుంది.

గురువారం పొద్దున్నే ముసీమి గొంతు తగ్గించి అన్నాడు, "నేను చెప్తాలే నీ తరఫున. నువ్వు మా నాన్న ముందు నిలబడి ఆ మాట... ఆడవాళ్ళ ఒంటి సంగతి... అంటే నేను మళ్ళీ బళ్ళో తలెత్తుకోగలనా చెప్పు?"

"అన్నీ చెప్తావా?"

"అన్నీ చెప్తాను. మనిద్దరం వేరా ఏంటి?"

మనిద్దరం వేరా ఏంటి. ఆ మాట ఎంత ముద్దుగా తోచిందంటే, ఆమె అతని కాలరు సరిచేసి, బుగ్గమీద మిగిలిన నురుగు చుక్క తుడిచింది. పైగా అధ్యక్షుడి ఇంటి కోడలు సభకి టీ కాయాలని అప్పటికే తేలిపోయింది. ఎవరు తేల్చారో ఎవరికీ తెలీదు. పాలు కాచడం, కట్టెలు మోయడం, బాడుగ బండి మీద పెద్ద గిన్నె తీసుకెళ్ళడం, మందాజీ బూరెలు వేయించడం, ఇవన్నీ గాలిలోంచి వాటంతటవే వచ్చి ఆమె చేతుల్లో వాలాయి.

మార్కెట్టు మధ్య షామియానా వేశారు. కుర్చీలన్నీ మగవాళ్ళవి. ఆడవాళ్ళు వెనకాల బుట్టలు బోర్లించి కూర్చున్నారు. ఆ వెనకాల, పొయ్యి దగ్గర, నడుము లోతు గిన్నె ముందు కవాతా. కౌంటీ కమిటీ పెద్ద వావిన్యా అనే ఆవిడ, నెరిసిన జుట్టు, నెమ్మదైన మాట. కౌంటీ కుర్రాడొకడు హాజరు కాగితం పట్టుకుని పొయ్యి దగ్గరికొచ్చాడు. "సంతకం పెట్టండక్కా, మీరూ పాల్గొన్నట్టే." పిండి చేత్తోనే పెట్టేసింది.

మాట్లాడినవాళ్ళంతా గేటు గురించే మాట్లాడారు. కిలోంజో లేచి, లారీ తిరిగేంత గేటు కావాలన్నాడు. చప్పట్లు. తర్వాత ముసీమి లేచాడు. కవాతా గరిటె ఆపింది. ఎంత బాగా మొదలుపెట్టాడు! పైకప్పు, నీళ్ళ కుళాయి, సంచుల్లో కందులు వానకి మొలకెత్తిపోవడం. అంతా ఆమె చెప్పినట్టే, కొన్ని చోట్ల ఆమె మాటలే. ఆమెకి గర్వంతో చెవులు వేడెక్కాయి. అప్పుడతను ముందు వరస కుర్చీ వైపు ఒక్కసారి చూసి, గొంతు సవరించుకున్నాడు. "అలాగే ఆడవాళ్ళకి కావలసిన ఇతర సౌకర్యాలు కూడా" అని కూర్చున్నాడు.

"ఇతర సౌకర్యాలంటే?" అడిగింది వావిన్యా.

"కూర్చోడానికి బల్లలండీ" అన్నాడు పక్కాయన. "అద్దం కూడా పెట్టించండి, జడలేసుకుంటారు" అని ఇంకెవరో అంటే నవ్వులు లేచాయి. కాగితం మీద బల్లలు అని ఎక్కింది.

వావిన్యా నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి వెనక్కి చూసింది. "ఆడవాళ్ళలో ఎవరైనా చెప్తారా? రేపు ఇతుంబలో ఆఖరి సభ. ఏ ఊరివాళ్ళయినా అక్కడికొచ్చి మాట్లాడొచ్చు. కానీ ఆ తర్వాత చట్టం ఓటుకి పోతుంది, ఇక కుదరదు."

బుట్టలమీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి తిరిగారు. కలేక్యే సగం లేచింది, మాట్లాడడానికి కాదు, కవాతాని చూడడానికి. ఎండకి పగిలిన పెదాలతో, పొద్దున్నుంచీ చుక్క నీళ్ళు తాగని పెదాలతో, రా అన్నట్టు గడ్డం ఎగరేసింది. కవాతాకి మామగారి మెడ వెనక మడతలు కనిపిస్తున్నాయి. ఆయన తల తిప్పితే చాలు, ఆమె ఆయన ఎదుట నిలబడినట్టే. భర్త ఆమె వైపే చూస్తున్నాడు, వద్దు అన్నట్టు, ప్రేమగానే. ఆమె గిన్నెలోకి వంగింది. టీ పొంగుతోంది. పొంగకపోయినా వంగేది.

సభ అయిపోయింది. అందరూ కప్పులు పట్టుకుని చుట్టూ మూగారు. "మీ ఆయన అదరగొట్టాడమ్మాయ్" అన్నారు. "ఎంత బాగా మాట్లాడాడో, ఆడవాళ్ళ గురించి కూడా చెప్పాడు" అన్నారు. కలేక్యే ఆఖరున వచ్చింది. టీ తీసుకుంది, తాగలేదు. ఇంటికి ఇంకా చాలా దూరం నడవాలి మరి, ఎలా తాగుతుంది? నేలమీద పారబోసి, కప్పు వెనక్కిస్తూ ఆమె మొహంలోకి చూడకుండా అంది, "టీ బాగుందమ్మా."

తిడితే బాగుండేది. దారంతా బండిమీద గిన్నెని పట్టుకుని ఆమె అదే అనుకుంది. మామగారి ముందు సిగ్గుపడాలని చిన్నప్పుడే నేర్పారు, తల దించుకుంటే ఆ సిగ్గు తీరిపోతుంది, పదిమందీ మెచ్చుకుంటారు కూడా. ఈ సిగ్గు తల దించుకున్నందుకే వచ్చింది. ఇంకా కిందికి దించితే ఇంకా పెరిగేది. చదువుకున్నదానివి అంది కలేక్యే. కాలేజీలో ప్రజల భాగస్వామ్యం మీద ఆమె రాసిన వ్యాసానికి బహుమతి కూడా వచ్చింది, ముసీమికి చూపించి మురిసిపోయింది కూడా. సంతకం పెట్టింది కనక తనూ పాల్గొన్నట్టే లెక్క. రేపెవరైనా అడిగితే, కివానిలో ఆడవాళ్ళు వచ్చారు, సంతకాలు పెట్టారు, బల్లలు అడిగారు అని ఉంటుంది. అందులో తన పేరు పిండి మరకతో. నేను చెప్తాలే నీ తరఫున అన్నప్పుడు తనకి కలిగింది ప్రేమేనా? హమ్మయ్య అనిపించలేదూ? కొత్త మొగుడి చాటున దాక్కోవడం ఎంత హాయిగా ఉందో తలుచుకుంటే బుగ్గలు మండాయి. అతనొక్కడే మింగాడా ఆ మాట? అతను మింగాక, ఆడవాళ్ళనే నేరుగా అడిగారు, తనూ మింగింది.

సాయంత్రం వంటింటి గుమ్మంలో అత్తాకోడళ్ళు కందికాయలు వలుస్తున్నారు. అరుగుమీద తండ్రీకొడుకులు. ముసీమి గొంతులో ఇంకా చప్పట్లున్నాయి. "గేటు ఖాయం నాన్నా, వావిన్యాగారు రాసుకోవడం చూశాను" అంటున్నాడు. కిలోంజో తృప్తిగా దగ్గి, గుమ్మం వైపు తిరక్కుండానే అన్నాడు, "టీ బాగుందని అందరూ అన్నారని చెప్పు."

"టీ బాగుందన్నారట" అంది సియోకావు.

కవాతా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఒకే మాట, ఒకే రోజున, రెండుసార్లు. ఒకటి మెప్పు, ఒకటి కాదు. రెండూ ఒకే చోట తగిలాయి.

"అత్తయ్యా" అంది. "మీరు ఆ మార్కెట్టులో ఎన్నేళ్ళు కూర్చున్నారు?"

"నడుం పడిపోయేదాకా."

"ఒంటికి వస్తే ఏం చేసేవారు?"

సియోకావు కాయ వలుస్తూనే ఉంది, గింజలు చాటలో ఒక్కొక్కటే పడుతున్నాయి. "ఏం చేస్తాం" అంది చివరికి. "కంచె అప్పుడూ ఉంది. దాని ముళ్ళ గీత ఇప్పటికీ తొడమీద ఉంది నాకు. ఈయనకి పొలంలో గీసుకుందని చెప్పాను."

"కవాతా!" అన్నాడు ముసీమి, అరుగుమీంచి.

ఆమె లేచింది. ఒళ్ళో తొక్కలన్నీ నేలమీద రాలాయి. "మామయ్యగారితో చెప్పండి అత్తయ్యా, రేపు నేను..."

"నేను చెప్పను" అంది సియోకావు, తలెత్తకుండా. "ఆయనకేం చెవుడు లేదు. నువ్వే చెప్పుకో."

గుమ్మం దాటడానికి ఒక్క అడుగు చాలు. ఆమె దాటింది. కిలోంజో పీటమీద ఇటు తిరిగాడు. ఇంత దగ్గర్నించి ఆయన మొహం చూడడం ఆమెకదే మొదటిసారి. కనుబొమ్మలు అచ్చం ముసీమివే. సిగ్గుపడుతున్నది తనొక్కతే కాదు, ఆయన కళ్ళు కూడా నేలమీదే ఉన్నాయి.

"మామయ్యా" అంది. "రేపు ఇతుంబలో ఆఖరి సభ. మన మార్కెట్టులో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి కావాలి, దానికి లోపల గడియ ఉండాలి, నీళ్ళుండాలి, అవి కట్టకుండా ఏ మార్కెట్టూ తెరవకూడదని చట్టంలో రాయమని అడుగుతాను. ఇవాళ అడగాల్సింది, అడగలేదు. మీరు ముందు వరసలో కూర్చుంటే మీ ముందే అడుగుతాను. కలేక్యే అక్క వస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కదాన్నే." ఊపిరి తీసుకుని భర్త వైపు తిరిగింది. "తెల్లారి మొదటి వ్యానుకే వెళ్తున్నాను. టీ వేళకి నేనుండను."