చెప్పింది చెప్పినట్టే

కూతురు ఆసియాకి వచ్చే మార్కులు ఆసియావేనా, లేక చూపులేని పిల్ల కదా అని ఎవరో దయతలచి వేస్తున్నవా అన్న అనుమానం ఇమాముద్దీన్‌కి చాలా ఏళ్ళుగా ఉంది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. భార్య నూర్ బీతో కూడా అనలేదు.

కూతురు పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన రోజున, రేపల్లె బస్టాండు దగ్గర తన టైలరింగ్ కొట్టు ముందు నిలబడి తెలిసినవాళ్ళందరికీ లడ్డూలు పంచాడు. పక్క కొట్టు కోటయ్య లడ్డూ నోట్లో వేసుకుని, "పాపం, అలాంటి పిల్లని ఎవరు ఫెయిల్ చేస్తారులే సాయిబూ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట ఇమాముద్దీన్ లోపల ముల్లులా దిగి ఉండిపోయింది. కొట్టు నడవని ఏడాది కూడా, మసీదు పెద్దలు లేనివాళ్ళకిచ్చే జకాత్ సొమ్ము ఇవ్వబోతే "నాకన్నా లేనివాళ్ళున్నారు, వాళ్ళకివ్వండి" అని వెనక్కి పంపిన మనిషాయన. కూతురి మార్కుల్లో దానం కలిసి ఉంటే దాన్ని ఏమనుకోవాలో ఆయనకి తెలియలేదు. నమాజు అయ్యాక చేతులు చాచి "పిల్లని పాస్ చేయించు" అని అడగబోయి ఆగిపోయేవాడు. "దాని పాసు దానిదే అయ్యేలా చెయ్యి" అని మార్చి అడిగేవాడు.

రెండువేల ఆరు ఏప్రిల్లో ఆసియా బి.ఏ. ఆఖరి సంవత్సరం పరీక్షలకి వచ్చింది. చదువు తెనాలి కాలేజీలో, పరీక్ష సెంటరు బాపట్లలో. ఆసియా నోటితో చెబుతుంటే పింకీ అనే ఇంటర్ పిల్ల రాసేది. పింకీది తెనాలే. రాసిపెట్టే మనిషి చదువు డిగ్రీకి తక్కువ ఉండాలని యూనివర్సిటీ నియమం. గంటకి ఇరవై నిమిషాలు అదనం ఇవ్వడం, మేడ మీద కాకుండా కింద గది ఇవ్వడం కూడా ఆ నియమాల్లోనే ఉన్నాయి. కాగితం మీద ఉన్నవాటిని గదిలోకి తెప్పించడానికి ఆసియా లెక్చరర్ కుమారి మేడం చెప్పులరిగేలా తిరిగింది.

ఆ రోజు ఆఖరి పేపరు, రాజనీతి శాస్త్రం. అది పోతే ఏడాది పోయినట్టే. అంతకన్నా పెద్ద దిగులు మరొకటి ఉంది. యూనివర్సిటీ హాస్టల్లో చూపులేని అమ్మాయిల కోసం కింది అంతస్తులో కొత్తగా ఒక గది ఇస్తున్నారు. ఎం.ఏ. పాఠాలు క్యాసెట్లలో చదివించి ఇస్తామన్నారు. ఆసియాకి అందులో చోటు ఖాయం చేసి, బి.ఏ. పాసై రావడమే తరువాయి అన్నారు. వచ్చే ఏడు ఆ చోటు ఎవరిదవుతుందో ఎవరు చెప్పగలరు?

రేపల్లె ప్యాసింజర్ తెనాలిలో ఆగింది. రోజూ పింకీ నిలబడే పుస్తకాల కొట్టు దగ్గర వాళ్ళమ్మ జ్ఞానమ్మ నిలబడి ఉంది.

"అన్నయ్యా, పిల్లకి ఒళ్ళంతా పొక్కులు. చికెన్ పాక్సంట. లేవలేకపోయినా వస్తానని ఒకటే ఏడుపు. నేనే పడుకోబెట్టొచ్చా."

"వేరే పిల్లలెవరన్నా ఉన్నారామ్మా?"

"చర్చికొచ్చే పిల్లల్ని ఇద్దర్ని అడిగా. ఒకడికి వాడి పరీక్షే ఉంది. ఇంకో పిల్ల, తప్పు రాస్తే నన్ను పట్టుకుంటారని భయపడింది." జ్ఞానమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "దేవుడు దారి చూపిస్తాడులే అన్నయ్యా."

బాపట్ల మీదుగా వెళ్ళే బండి రెండో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందని మైకులో చెబుతున్నారు.

"అబ్బా" అని తండ్రిని పిలిచింది ఆసియా. "మీకు పదో తరగతి పోయింది కదా?"

"ఇప్పుడెందుకమ్మా ఆ గొడవ?"

"పోయిందా లేదా?"

"రెండుసార్లు పోయింది."

"అయితే మీ చదువు సరిగ్గా సరిపోతుంది. మీరే రాయండి."

అంత కంగారులోనూ జ్ఞానమ్మ నవ్వింది. "నీ తప్పిన పదో తరగతి ఇన్నాళ్ళకి పనికొచ్చింది అన్నయ్యా, పద పద."

"కాలరెంత, నడుమెంత అని తప్ప నేను తెలుగు రాసి పాతికేళ్ళయిందే" అన్నాడు ఇమాముద్దీన్ బండెక్కుతూ.

"అక్షరాలు గుర్తున్నాయా?"

"అవి ఎక్కడికి పోతాయి? చెయ్యే సాగదు."

"నేను మెల్లగా చెబుతాలెండి."

బాపట్లలో చీఫ్ సూపరింటెండెంట్ గారు ఈ సంగతి వినగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తండ్రి రాయడమేంటండీ?"

"రాయకూడదని నియమం ఉందా సార్?" అంది ఆసియా.

"ఉందో లేదో నాకు తెలీదమ్మా. రేపెవరైనా అర్జీ పెడితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది నేను. యూనివర్సిటీ వాళ్ళు సరే అనాలి."

ఆయన ఫోను తిప్పితే లైను దొరకలేదు. మళ్ళీ తిప్పారు. బయట మొదటి గంట కొట్టారు. వరండాలో పిల్లల అడుగుల చప్పుడు తగ్గిపోయింది. ఆసియా గోడకి ఆనుకుని, చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. రెండో గంట కూడా కొట్టారు. ప్రశ్నపత్రాలు ఇచ్చేశారని ఆ నిశ్శబ్దమే చెప్పింది.

"కుమారి మేడం సెల్లుకి చెయ్యండి సార్" అంది ఆసియా.

మేడం ఎవరితో మాట్లాడిందో, ఎలా మాట్లాడిందో. ఇమాముద్దీన్ లోపల దేవుణ్ణి వేడుకుంటూ దువా చదువుకుంటుండగా ఈసారి ఫోనే మోగింది. చీఫ్ గారు నిలబడి విన్నారు. అలాగే సార్, అలాగే సార్ అని పెట్టేశారు.

"ఒప్పుకున్నారు. పోయిన టైము చివర్లో కలుపుతారు. కానీ ఒకటి వినండి పెద్దాయనా. అమ్మాయి చెప్పింది చెప్పినట్టే రాయాలి. ఒక్క మాట మీరు కలిపినా, తీసినా కాపీ కొట్టినట్టే లెక్క. పేపరు రద్దవుతుంది. పక్కన మనిషి కూర్చుని చూస్తుంటారు."

ఆ మనిషి పేరు సీతారామాంజనేయులు మాస్టారు. పొడుగాటి మనిషి, నుదుట సన్నని నామం, బిగించిన పెదవులు. కింది గదిలో ఇమాముద్దీన్ భుజం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన చూపు కాగితం మీది నుంచి కదల్లేదు.

ప్రశ్న మాస్టారు చదివితే ఆసియా కాసేపు ఆలోచించుకుని మొదలుపెట్టేది. ఇమాముద్దీన్ చెయ్యి మొదట్లో రాయిలా ఉంది. ఒత్తులు పక్క గీతలోకి దిగిపోయేవి. మెల్లమెల్లగా సాగింది. సాగేకొద్దీ ఆయనకి ఆశ్చర్యం వేసింది. పిల్ల తడుముకోవడం లేదు. కేంద్రమని, రాష్ట్రమని, పార్లమెంటని, ఒకదాని తర్వాత ఒకటి కుదురుగా చెప్పుకుపోతోంది. "పేరా మార్చండి" అంటోంది. ఇంట్లో టేపు రికార్డరు ముందు కూర్చుని వింటున్నప్పుడు పొద్దుపోక వింటోంది అనుకునేవాడు.

చివరి ప్రశ్న మాస్టారు రెండుసార్లు చదివారు. వెనుకబడిన వర్గాలకి విశ్వవిద్యాలయాల్లో కల్పించే ప్రత్యేక సదుపాయాలు సమానత్వానికి విరుద్ధమా, చర్చించండి అని.

"రాయండి అబ్బా. మెట్లెక్కలేనివాడికి మేడ మీద బల్ల వేసి, అందరికీ ఒకేలాంటి బల్ల వేశాం అనడం సమానత్వం కాదు. గంటకి ఇరవై నిమిషాలు ఎక్కువ ఇస్తే చూపులేనివాళ్ళకి తెలియనిది తెలిసిపోదు. తెలిసింది చెప్పుకునే వీలు దొరుకుతుంది. పులుస్టాప్. ఇది దయ కాదు. మా మసీదులో చెబుతారు, జకాత్ ఇచ్చేవాడి గొప్ప కాదని, పుచ్చుకునేవాడి హక్కని. సదుపాయం కూడా అలాంటిదే."

ఇమాముద్దీన్ "ఇది దయ కాదు" వరకు రాశాడు.

"పెన్ను ఆగింది" అంది ఆసియా.

"రాస్తున్నా."

రాయలేదు. ఈ కాగితం ఎక్కడికి వెళుతుందో, ఎవరు దిద్దుతారో. పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఏ ఇంటి పిల్లో తెలియకుండా దిద్దుతారు. మసీదని రాస్తే మనమే చెప్పుకున్నట్టు. అందరూ ఒకలా ఉంటారా? ఏ ఊళ్ళోనో, ఏ చిరాకులోనో ఉన్నవాడి చేతిలో పడితే? ఆఖరి పేపరు. హాస్టల్లో గది. పిల్లకి లోకం తెలియదు.

"తర్వాత చెప్పమ్మా" అన్నాడు.

ఆసియా తర్వాతి మాటలు చెప్పింది. ఆయన వాటిని రాశాడు. పేరా అయ్యాక ఆమె, "ఒకసారి మొత్తం చదవండి" అంది.

ఇమాముద్దీన్ చదివాడు. "ఇది దయ కాదు" దగ్గరికి వచ్చాక, కాగితం మీద లేని మసీదు మాటని జ్ఞాపకంలోంచి తీసి, ఉన్నట్టే చదివేశాడు.

పక్కన కుర్చీ కిర్రుమంది. మాస్టారి చూపుడు వేలు వచ్చి ఆ గీత మీద ఆగింది.

"ఇక్కడ అది లేదండి" అన్నారాయన.

"ఏది లేదు సార్?" అంది ఆసియా.

"మీ నాన్నగారు చెప్పాలమ్మా."

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి బల్ల మీద పెట్టుకున్నారు. రిపోర్టు కాగితం ఆ బల్ల సొరుగులోనే ఉంటుంది. పిల్ల ఏడాదిని, పిల్ల గదిని తన చేత్తో తనే తీసేశాడు.

"మసీదు మాట రాయలేదమ్మా" అన్నాడు. "దిద్దేవాళ్ళు ఎలాంటివాళ్ళో ఏమో. నీకు మార్కులు పోతాయని."

ఆసియా తండ్రి గొంతు వినిపించిన వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అంది. "అది రాస్తే పోయేవి నా మార్కులే కదా అబ్బా. మీరు తీసేస్తే వచ్చేవి మాత్రం నావి కావు."

ఇమాముద్దీన్ తల వంచుకున్నాడు.

"సార్, రిపోర్టు రాస్తారా?" అని అడిగింది ఆసియా.

మాస్టారు గోడ గడియారం చూశారు, కాగితం చూశారు.

"పేపరు ఇంకా మీ దగ్గరే ఉంది. ఇచ్చేలోపు దిద్దుకోవడం పరీక్ష రాసే ప్రతివాళ్ళకీ ఉన్నదే. మేడ మీద పిల్లలూ దిద్దుకుంటున్నారు. మీకు దానికన్నా ఎక్కువా లేదు, తక్కువా లేదు." ఇమాముద్దీన్ వైపు తిరిగారు. "ఆ గీతకీ ఈ గీతకీ మధ్య రాయండి. పెన్ను మళ్ళీ మీ ఇష్టానికి పోయిందో, నేను రాయాల్సింది నేను రాస్తాను."

ఇమాముద్దీన్ ఆ మాటల్ని రెండు గీతల మధ్య, కాజా కుట్టినంత చిన్నగా, ఒక్క అక్షరం పోకుండా రాశాడు. ఆ తర్వాత ఆసియా ఏం చెప్పినా పెన్ను ఆగలేదు. అర్థం కానివీ రాశాడు, నచ్చనివీ రాశాడు. కలిపిన టైము అయిపోతుండగా ఆమె "అంతే" అంది.

మాస్టారు పేపరు కట్టి దారం ముడి వేస్తుంటే ఇమాముద్దీన్ ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"చూసీచూడనట్టు వదిలేస్తారేమో అనుకున్నాను సార్. పాపం చూపులేని పిల్ల అని."

"ఎందుకు వదిలేస్తానండి?" అన్నారు మాస్టారు, నిజంగానే అర్థం కానట్టు. "ఆ అమ్మాయి పరీక్షలో మీకూ నాకూ ఏం పని?"

తిరుగు బండిలో ఆసియా కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయింది. ఇమాముద్దీన్ నొప్పెడుతున్న వేళ్ళని ఒళ్ళో పెట్టుకుని దారంతా దానివంక చూస్తూనే ఉన్నాడు. పాసవుతుందో లేదో ఇంకా తెలియదు. ఏది వచ్చినా అది ఆసియాదే. ఆ ముక్కలో ఆయనకిప్పుడు అనుమానం లేదు.

మర్నాడు ఆయన పొద్దున టిఫిన్ వద్దన్నాడు. మధ్యాహ్నం కొట్టుకి పంపిన క్యారియరు మూత తీయకుండా వెనక్కొచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి వరండాలో చాప వేసుకుని కూర్చుంటే, నూర్ బీ ఆయన ఎండిన పెదవులు చూసి ఉపవాసమని కనిపెట్టింది.

"రోజా ఉన్నారా? ఇది రంజాన్ కాదు కదండీ. ఎప్పటిది?"

"పాతది. గుంటూరు వెళ్ళిన రోజుది."

ఆసియాకి చూపు పోయిన ఏడు రంజాన్ నెలలో, పిల్లని భుజాన వేసుకుని గుంటూరు కంటి ఆస్పత్రికి వెళ్ళిన రోజున ఆయన ఒక ఉపవాసం వదిలేశాడు. ప్రయాణంలో ఉన్నవాడికి ఆ సడలింపు ఉంది. తర్వాత ఎప్పుడైనా ఒక రోజు ఉండి తీర్చుకోవాలి. ఆ నెలా, ఈ నెలా అంటూ ఆ ఒక్కటీ అలాగే ఉండిపోయింది. అన్ని ఉపవాసాలూ తప్పకుండా ఉండే మనిషి దాని జోలికి మాత్రం పోలేదు. ఇన్నేళ్ళూ ఆయన తాను బాకీ ఉన్నాననుకోలేదు. పిల్ల చూపు తీసుకున్న పైవాడే తనకి బాకీ అనుకున్నాడు. నిన్న తిరుగు బండిలో ఆ లెక్క మారింది.

నూర్ బీ లోపలికి వెళ్ళి ఖర్జూరం దొరక్క, గిన్నెలో రెండు అరటిపళ్ళ ముక్కలూ గ్లాసుతో నీళ్ళూ తెచ్చి పెట్టింది. ఆసియా వచ్చి చాప కొసన కూర్చుని, ఉపవాసం విడిచే వేళ పిలుపు కోసం మసీదు వైపు చెవి పెట్టింది.

"అయింది అబ్బా, పిలుస్తున్నారు" అంది.

ఇమాముద్దీన్ బిస్మిల్లా అని గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు.