పోయిన ఒత్తిడి

పంప్‌హౌస్‌లో ఆయన్ని అందరూ చెవుల మామయ్య అంటారు. పంపు మీద స్పానర్ ఒక కొస ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఈసారి మాత్రం ఆ చెవుల్ని నమ్మేవాళ్లు లేరు. పెద్ద పంపుని ఆయన విప్పి బిగించి నెల తిరక్కుండానే గుట్టమీది ఇళ్లకు నీళ్లు సన్నగిల్లాయి. బిగింపే చెడిందని పై ఆఫీసు తేల్చేసింది. ముప్పై ఏళ్లు సాకిన పంపు తుక్కులో, ఆయన పేరు గంగలో కలవబోతున్నాయి.

ఆఖరి పరీక్షకు వచ్చిన ఇంజనీరు సొంత మేనకోడలే. ఆయన ఊపిరి పీల్చుకునేలోపే కుండ బద్దలుకొట్టింది.

"తప్పు నీదైతే నీదేనని రాస్తాను మామయ్యా."

రిజిస్టరు తిరగేసింది. ప్రతి పేజీలోనూ ఆయన రాత ఒకటే: ఒత్తిడి ఇంత పోయింది.

"పోయిందంటే ఎక్కడికి?"

"రాపిడికి పోయింది. పోయినదాన్ని ఎవరు వెతుక్కుంటూ తిరుగుతారు?"

"నేను తిరుగుతాను."

సుద్దముక్కతో గోడమీద నాలుగు మాటలు రాసింది: ఒత్తిడి, వేగం, ఎత్తు, వేడి. "పంపు ఇచ్చిన శక్తి ఈ నాలుగింట్లోనే ఉండాలి. శక్తి సమీకరణం చెప్పేది అదే. రాపిడికి పోయిన ఒత్తిడి నీళ్లలో వేడిగా తేలుతుంది."

"అయితే టీ అక్కడే పెట్టుకుందాం," అన్నాడాయన.

ఆమె నవ్వలేదు. డిగ్రీలో వెయ్యో వంతునైనా పట్టే థర్మామీటర్ల జతను పంపుకి ముందొకటి, వెనకొకటి పెట్టింది. కొత్త పంపులో ఎంత వేడి పుట్టాలో అంతే పుట్టింది.

"పంపు బాగానే ఉంది మామయ్యా."

ఆయనకు కళ్లు చెమర్చాయి. ఆమె మాత్రం గుట్టమీదికి పోయే గొట్టం వెంట, వాల్వులున్న గొయ్యి గొయ్యికీ దిగి కొలుచుకుంటూ పోయింది. మూడో గోతిలో, వాల్వు దాటగానే నీళ్లు ఉన్నట్టుండి డిగ్రీలో నూరింట మూడు వంతులు వెచ్చబడ్డాయి.

"నీళ్లను పన్నెండు మీటర్లు ఎత్తగల ఒత్తిడి ఇక్కడ వేడైపోతోంది. అంటే నాలుగంతస్తుల ఎత్తు."

ఆయన గొట్టం మీద అరచెయ్యి వేశాడు. చల్లగానే ఉంది. ముప్పై ఏళ్లుగా తన చేతికి అందనిది, చెవికి వినపడనిది ఈ నీళ్లు చుక్క వదలకుండా మోసుకుపోతున్నాయా అనుకుంటే ఒళ్లు జలదరించింది. పోయింది, పోయింది అని ఎన్ని పేజీలు నింపాడు! పోయింది ఏదీ లేదు.

అప్పుడు ఆయన చూపు వాల్వు చక్రం మీద పడింది. మొహంలో రంగు మారింది.

"పంపు విప్పేముందు దీన్ని మూసింది నేనే. చివరంటా తిప్పితే ఇరుక్కుంటుందని లెక్కపెట్టి నలభై చుట్లు తెరవాలి. అయిదో చుట్టులో ఉండగా నీ ఫోనొచ్చింది, ఉద్యోగం దొరికిందని. ఆ సంబరంలో అయిదుని ముప్పై అయిదనుకుని ముప్పయ్యారు నుంచి అందుకున్నట్టున్నాను. తెరిచింది పది చుట్లే."

ఆమె రిపోర్టు కాయితం బయటికి తీసింది.

"మరి నేనేం రాయాలి?" అంది ఆమె మెల్లగా.

"తప్పు నాదని రాయి. పంపుది కాదని మాత్రం ముందు రాయి."

ఆమె తన ఫోను తీసి ఆపేసింది. ఆయన చక్రం పట్టుకుని, పైకి వినపడేలా "పదకొండు," అన్నాడు.