మీదే అనుకోండి

మొక్కలావిడకు కోపం రావడం ఆ వీధికి కొత్త కాదు. గులాబీ మొక్క మొదలు దగ్గర బకెట్లకు బకెట్లు నీళ్ళు గుమ్మరించి, అది కుళ్ళిపోయాక ఆమెనే నిలదీయడానికి వచ్చేవాళ్ళకు ఆ కోపం బాగా తెలుసు. కానీ ఆ ఏడాది వచ్చిన కోపం వేరు. అది గుర్రం దగ్గర మొదలైంది.

ఆమెకూ భర్తకూ ఊరి చివర నర్సరీ ఉంది. అమ్మిన మొక్కల్నీ కుండీల్నీ మట్టి బస్తాల్నీ ఇళ్ళకు చేర్చడం కూడా వాళ్ళ పనే. పాత పేట సందుల్లో వ్యాను తిరగదు కాబట్టి గుర్రబ్బండి పెట్టుకున్నారు. ముసలి గుర్రం పోయాక ఇంకోటి కొందామని ఆమె అంటున్న రోజుల్లోనే బావగారు, అంటే భర్త అన్న, ఒక గుర్రాన్ని తోలుకొచ్చాడు.

బావగారు స్వారీ నేర్పే బడి నడుపుతాడు. ఆ గుర్రం తెల్లటి ఒంటి మీద మిరియాలు చల్లినట్టుండేది. అందుకే దానికి మిరియం అని పేరు. గొడుగు తెరిచినా, కాగితం ఎగిరినా బెదిరిపోయేది. అప్పటికే ఇద్దరు పిల్లల్ని కింద పడేసింది.

"నా దగ్గరుంటే ఎవరో ఒకరి కాలు విరగ్గొడుతుంది. మీరు ఉంచుకోండి. మీదే అనుకోండి," అన్నాడు బావగారు.

"అనుకోవడం ఎందుకు బావగారూ? ధర చెప్పండి, కొనుక్కుంటాం," అంది ఆమె.

"ఇంట్లోవాళ్ళ మధ్య ధరలేంటమ్మాయ్," అని నవ్వేశాడు ఆయన.

అన్న వెళ్ళాక భర్త నచ్చజెప్పబోయాడు. "పనికిరాకపోతే తిరిగిచ్చేయొచ్చు. కొంటే మంచైనా చెడైనా మన నెత్తినే ఉంటుంది."

"నెత్తిన ఉండేదే మనది," అంది ఆమె. కానీ అన్నదమ్ముల మధ్య దూరడం ఇష్టంలేక అక్కడితో వదిలేసింది.

మొదట్లో మిరియం రెండుసార్లు బండిని కాలవలోకి దింపింది. ఆమె దాన్ని బండికి కట్టడం మానేసి, రోజూ పొద్దున్నే పగ్గం పట్టుకుని రోడ్డు పక్కన నడిపించేది. లారీ వస్తుంటే మెడ మీద చెయ్యివేసి మాట్లాడుతూ ఉండేది. ఆ మాటల్లో ఎక్కువ భాగం భర్త మీద చాడీలే. కొట్టంలో దూలానికి గొడుగు తెరిచి వేలాడదీసింది, దాన్ని చూస్తూ మేత తినడం అలవాటు కావాలని. ఒక మధ్యాహ్నం దానికి కడుపునొప్పి వచ్చి నేల మీద పొర్లబోతే, పొర్లితే పేగు మెలిపడుతుందని పశువుల డాక్టరు వచ్చేదాకా జోరువానలో నర్సరీ చుట్టూ తిప్పుతూనే ఉంది. భర్త అన్నకు ఫోన్ చేశాడు. "మీ దగ్గరుంది కదా, మీరే చూసుకోవాలి," అన్నాడాయన.

మూడో ఏడు వచ్చేసరికి, బడి వదిలిన పిల్లలు మందలా వచ్చి పడుతున్నా మిరియం చెవి కదిపేది కాదు.

సరిగ్గా అప్పుడే ఒక పొద్దున బావగారు ట్రాలీ వేసుకుని వచ్చాడు. పక్కన తోటికోడలు కూడా ఉంది. బండి నిండా మొక్కలున్నాయి. మొక్కలావిడ మిరియాన్ని బండికి కట్టి తోలు పట్టెడలు బిగిస్తోంది.

"చిన్నపిల్లల బ్యాచ్ ఒకటి వచ్చిందమ్మాయ్. నెమ్మదైన గుర్రం కావాలి. మొన్న బజార్లో దీన్ని చూసి నమ్మలేకపోయాను. నీ చేతిలో ఏదో ఉంది," అన్నాడు బావగారు.

"బండికి కట్టాను బావగారూ."

"విప్పెయ్."

కుళాయి కట్టేయమన్నట్టు అన్నాడా మాట. ఆమె ఒళ్ళు మండిపోయింది. భర్త వైపు చూసింది. అతను తేలు కుట్టిన దొంగలా, నీళ్ళ పైపు పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళన్నీ ఒక్క కుండీలోనే పడి పొంగిపోతున్నాయి.

"మీదే అనుకోండి అన్నారు," అంది ఆమె.

"అనుకోమన్నారు. ఇచ్చేశామని అనలేదుగా," అంది తోటికోడలు.

"నీకు లోటు చెయ్యనులే. ఎర్ర గుర్రం ఒకటుంది, కాస్త బెదురు. సాయంత్రానికి పంపిస్తాను. దాన్నీ ఇలాగే దారిలో పెట్టేద్దువుగాని," అన్నాడు బావగారు.

నోరు తెరిస్తే ఏం వస్తుందో ఆమెకే తెలియలేదు. పట్టెడలు తనే విప్పింది. మిరియం మొరాయించకుండా బుద్ధిగా ట్రాలీ ఎక్కింది. ఆ నెమ్మది తను నేర్పిందే. ఆమెకు అదే ఎక్కువ కష్టమనిపించింది.

ట్రాలీ మలుపు తిరిగాక భర్త నీళ్ళ పైపు కింద పడేశాడు. "పెద్దవాడు. ఎదురుగా ఎలా అంటాం..."

"అనకండి. అడిగినవాళ్ళకి ఈ మొక్కలు ఇవాళే చేరాలి. మీ అన్నయ్య లాగుతాడా, మీరు లాగుతారా?"

ఆ రోజంతా భర్తే తోపుడుబండి మీద మొక్కలు మోశాడు. ఆమె పక్కనే నడిచింది. సాయం చెయ్యలేదు.

సాయంత్రం ఎర్ర గుర్రం వచ్చింది. అందంగానే ఉంది, భయంతో కళ్ళు తిప్పుతోంది. మర్నాడు ఆమె దాన్ని చేత్తో పట్టుకుని ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించుకుంటూ స్వారీ బడికి వెళ్ళింది. మైదానంలో మిరియం ఒక పాపను ఎక్కించుకుని గుండ్రంగా తిరుగుతోంది. ఆమెను చూసి ఆగబోతే స్వారీ నేర్పే మాస్టరు కళ్ళెం గుంజాడు.

"ఏమమ్మాయ్, నచ్చలేదా?" అంటూ బావగారు ఎదురొచ్చాడు.

"దీనికేం, బాగానే ఉంది. మిరియాన్ని నాకు అమ్మండి. ధర మీరు చెప్పిందే."

"ఇప్పుడెలా అమ్ముతాను? బడికి సెలవులిచ్చినప్పుడు తీసుకెళ్ళి వాడుకో."

"వాడుకున్నది మీరు బావగారూ. గుర్రాన్ని కాదు, నన్ను. మీకు పనికిరానివన్నీ బాగుచేసి మీ గుమ్మంలో కట్టెయ్యడానికి మీ దగ్గరేమైనా జీతానికున్నానా?"

మైదానంలో అందరూ ఇటు తిరిగారు. బావగారి ముఖం నల్లబడింది. "ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"తెలియబట్టే ఇంతటితో ఆపాను." ఎర్ర గుర్రాన్ని గేటు స్తంభానికి కట్టి, దాని మెడ ఒకసారి నిమిరి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

బొగ్గుల కొట్టాయన వ్యాపారం మానేస్తున్నాడని తెలిసి ఆ వారమే అక్కడికి వెళ్ళారు. ఆయన బొగ్గుల బండి లాగే ఆడగుర్రానికి ఒక చెవి సగం తెగిపోయింది, పొట్ట జారింది. వెనక్కి నడవమంటే చచ్చినా నడవదని ఆయనే చెప్పాడు.

"ఓ ఏడాది అద్దెకి అడుగుదామా? కుదరకపోతే..." అని మొదలుపెట్టాడు భర్త. ఆమె చూసిన చూపుకి మిగతా మాట మింగేశాడు. గుర్రాన్ని కొన్నారు.

బొగ్గుల కొట్టాయన అబద్ధమాడలేదు. మూసుకుపోయిన సందులోకి వెళితే బండి విప్పి, గుర్రాన్ని తిప్పి, మళ్ళీ కట్టాల్సిందే. భర్త చెమటలు కారుస్తూ సణుగుతుంటే ఆమె విననట్టు ఇరుసుకు నూనె రాసుకునేది.

కొన్నాళ్ళకు బావగారి నుంచి భర్తకు ఫోన్ వచ్చింది. మిరియం మైదానం గేటు దగ్గరే నిలబడిపోతోందట, కొడితే పళ్ళు చూపిస్తోందట. రెండు రోజులు మరదల్ని పంపమన్నాడు.

భర్త చేతి మట్టి చొక్కాకు తుడుచుకున్నాడు. "రాదన్నయ్యా."

"ఎందుకు రాదు?"

"నేను అడగను గనక."

ఫోన్ పెట్టేసి అతను బస్తా మీద కూలబడ్డాడు. ఆమె కుండీలో మట్టి అదుముతూ అంది, "ఆ రోజు ఈ మాట అనుంటే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"రాలేవి కావు," అన్నాడు. బస్తా దారం పీకుతూ, "భయమేసింది," అన్నాడు.

ఆ మాటకు ఆమె కోపం పోలేదు. కాకపోతే, ఆ రోజు మట్టి బస్తాలు ఇద్దరూ చెరో కొసా పట్టి ఎత్తారు.

ఇప్పటికీ ఆమె స్వారీ బడి మీదుగా బండి తోలదు, చుట్టుదారిన వెళుతుంది. మిరియం సకిలింపు చెవిన పడితే గేటు తోసుకుని లోపలికి వెళ్ళిపోతానని ఆమెకు తెలుసు. వెళితే, మళ్ళీ బావగారికి ఊరికే పని చేసిపెట్టినట్టే.